బండి ఆపే చోటు

ఆగి ఉన్న బండి ఎవరినీ ఢీకొట్టదు. అందుకే కాబోలు, రోడ్డు భద్రత అనగానే వేగం, బ్రేకులు, హెల్మెట్ల గురించి మాట్లాడుకుంటాం గానీ బండి ఎక్కడ ఆపాలన్నది ఎవరికీ పెద్ద విషయంగా తోచదు. ఇళ్ల మధ్య తిరిగే పార్సిల్ వ్యాను సంగతి వేరు. లారీ పొద్దున బయల్దేరితే ఏ మధ్యాహ్నానికో ఆగుతుంది. పార్సిల్ బండి వంద అడుగులకోసారి ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ ఆ వీధిలో అప్పటిదాకా లేని ఒక గోడను తెచ్చి నిలబెడుతుంది. టాటా ఏస్‌నే తీసుకోండి. 2005లో మార్కెట్లోకి వచ్చిన ఈ చిన్న ట్రక్కు దాదాపు 3.8 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు ఉంటుంది. వెనక మూసిన డబ్బా బిగిస్తే మనిషిని మించిన ఎత్తు. దాని చాటున మూడేళ్ల పాపే కాదు, ఆరడుగుల మనిషి నిలబడినా వెనక నుంచి వచ్చేవాళ్లకు కనిపించడు.

ఆ చాటు ఎంత ప్రమాదమో లెక్క కట్టి చూడొచ్చు. వ్యాను రోడ్డుకు ఎడమ పక్కన ఆగి ఉంది. వెనక నుంచి ఒక కారు వచ్చి, వ్యానుకు మీటరు ఎడం ఇచ్చి దాటబోతోంది. మన కార్లలో స్టీరింగు కుడివైపు కాబట్టి డ్రైవరు కన్ను కారు ఎడమ అంచుకు ఇంకో మీటరుకు పైగా ఇవతల ఉంటుంది. అంటే వ్యాను కుడి పక్క గీతకూ ఆ కంటికీ మధ్య సుమారు 2.1 మీటర్లు. ఇప్పుడు వ్యాను మూతికి అర మీటరు ముందు, ఆ పక్క గీతకు అర మీటరు లోపల ఒక పిల్లవాడు నిలబడి ఉన్నాడనుకోండి. డ్రైవరు కంటి నుంచి వ్యాను ముందు మూలను తాకుతూ పిల్లవాడి దాకా ఒక గీత గీస్తే రెండు సరూప త్రిభుజాలు వస్తాయి. పదో తరగతి లెక్కల పుస్తకంలో ఉండేవే. ఆ లెక్క ప్రకారం కన్ను వ్యాను మూలకు 2.1 మీటర్ల దూరానికి వచ్చేదాకా పిల్లవాడు కనపడడు. కంటి నుంచి కారు ముందు బంపరుకే దాదాపు రెండు మీటర్లుంటుంది. కనపడే సరికి బంపరు వ్యాను మూలకు వచ్చేసింది. పిల్లవాడికి మిగిలింది రెండడుగులు.

అదే పిల్లవాడు వ్యానుకు రెండు మీటర్లు ముందుగా నిలబడితే లెక్క పూర్తిగా మారిపోతుంది. కన్ను మూలకు 8.4 మీటర్ల దూరంలో ఉండగానే కనిపిస్తాడు. బంపరుకూ అతనికీ మధ్య అప్పటికి ఎనిమిది మీటర్లకు పైగానే ఉంటుంది. ఆ ఎనిమిది మీటర్లు చాలతాయా అన్నది కారు వేగాన్ని బట్టి ఉంటుంది. ఆపద కంటపడ్డాక కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. పొడిగా ఉన్న తారురోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే, గంటకు 20 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు ఆ సెకనుతో కలుపుకొని ఎనిమిది మీటర్లలోపే ఆగుతుంది. 30లో అయితే 13 మీటర్లు పైచిలుకు కావాలి. 50లో మొదటి సెకనులోనే 14 మీటర్లు పోతుంది. 30లో వచ్చిన కారు పూర్తిగా ఆగిపోయే చోటికి వచ్చేసరికి 50లో వచ్చిన కారుకు ఇంకా బ్రేకే పడి ఉండదు. కంకర పొడి, ఇసుక పరుచుకున్న కాలనీ రోడ్ల మీద ఈ దూరాలన్నీ ఇంకా పెరుగుతాయి.

డెలివరీ డ్రైవరుకు ఈ లెక్క వల్ల తెలిసేదేమిటంటే, ఇంటి గేటుకు ఏ పక్కన ఆపాలన్నది చిన్న విషయం కాదు. గేటు రాకముందే ఆపితే, గేటులోంచి బయటికొచ్చేవాళ్లు సరిగ్గా వ్యాను మూతి ముందు నుంచి రోడ్డు మీదికి వస్తారు. పైన చెప్పిన అర మీటరు పిల్లవాడు వాళ్లే. గేటు దాటాక ఆపితే వాళ్లు వ్యాను వెనక నుంచి వస్తారు, వెనక వచ్చే బండ్లకు తేటగా కనిపిస్తారు. పైగా వ్యాను తలుపు తెరుచుకునేది వెనకే కాబట్టి పార్సిల్ మోసే దూరమూ తగ్గుతుంది, మళ్లీ కదిలేటప్పుడు ముందువైపు ఖాళీగా ఉంటుంది. ఒక చిక్కు మాత్రం ఉంది. ఇరవై అడుగుల సందులో ఎదురుగా వచ్చే కారు కూడా మిగిలిన ఆ కాస్త దారిలోంచే దూరాలి. దాని స్టీరింగు వ్యాను వైపే ఉంటుంది కాబట్టి ఆ డ్రైవరుకు చాటు ఇంకా ఎక్కువ. అందుకని గేటును ఆనుకుని ఆపకుండా రెండు మూడు మీటర్లు ముందుకు పోనిచ్చి ఆపాలి. ఇరుపక్కల నుంచి వచ్చేవాళ్లకూ ఆ ఖాళీ పనికొస్తుంది.

పార్సిల్ బండి ఆగితే పిల్లలు పరిగెత్తుకొస్తారన్నది కూడా ఇందులో కలుపుకోవాలి. ఎవరింటికి వచ్చింది, డబ్బాలో ఏముంది, అన్నీ వాళ్లకు కావాలి. బ్రిటన్‌లో ఐస్‌క్రీమ్ వ్యాన్ల వెనక ‘పిల్లలు జాగ్రత్త’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. బండి ఆగగానే దాని చుట్టూ పిల్లలు చేరతారని అక్కడ ముందే ఒప్పుకున్నారు. మన పార్సిల్ బండ్ల మీద కంపెనీ పేరూ యాప్ గుర్తూ తప్ప ఇంకేం కనపడవు.

మలుపు దగ్గర ఆపడం ఇంకా చెడ్డది. సందులోంచి మెయిన్ రోడ్డెక్కే స్కూటరు మనిషి వ్యాను చాటు నుంచి మూతి బయట పెడితే గానీ వచ్చే బండి కనపడదు. మూతి బయట పెట్టాక చూసుకుని లాభం లేదు. బ్రిటన్ హైవే కోడ్ కూడలికి 10 మీటర్ల లోపు బండి ఆపవద్దంటుంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఈమధ్యే చట్టం చేసి, నడిచేవాళ్లు రోడ్డు దాటే చోటికి 20 అడుగుల లోపు పార్కింగును నిషేధించింది. ఆ 20 అడుగులూ లెక్కపెట్టేది బండ్లు వచ్చే వైపునే, ఎందుకంటే కళ్లకు అడ్డుపడేది ఆ వైపే. న్యూజెర్సీలోని హోబోకెన్ అనే చిన్న నగరం కూడళ్ల మూలల్ని ఇలాగే ఖాళీ చేయించింది, వేగ పరిమితి కూడా తగ్గించింది. 2017 తర్వాత ఏళ్ల తరబడి అక్కడ రోడ్డు ప్రమాదంలో ఒక్కరు కూడా చనిపోలేదు. గొప్పంతా మూలల ఖాళీదే అనలేం గానీ, అందులో దానికీ వాటా ఉంది.

మన దగ్గర నియమాలు లేవనుకోవద్దు. 1989 నాటి రోడ్డు నియమాలు బండి ఆపకూడని చోట్లను వరసగా చెప్పాయి: కూడలి, మలుపు, ఫుట్‌పాత్, బస్‌స్టాప్, బడి, ఆసుపత్రి గుమ్మం, ఇంకొకరి గేటు, ఆగి ఉన్న మరో బండికి ఎదురుగా, దాని పక్కన జతగా. 2017లో వీటి స్థానంలోకి కొత్త నిబంధనలు వచ్చినా సారం మారలేదు. ఇందులో ‘ఎదురుగా’ అన్నది చాలామందికి వింతగా ఉంటుంది. ఆ పక్కన వాళ్ల కారు, ఈ పక్కన నా వ్యాను, మధ్యలో దారుంది కదా అంటారు. కొలిచి చూడండి. ఇరవై అడుగుల రోడ్డంటే 6.1 మీటర్లు. వ్యానుకు ఒకటిన్నర, ఎదురుగా ఉన్న పెద్ద కారుకు 1.8 తీసేస్తే 2.8 మీటర్లు మిగులుతాయి. రెండూ గోడకు ఆనుకుని ఆగవు. చెరో జానెడు వదిలినా మిగిలేది 2.4 మీటర్లు. ఫైరింజను వెడల్పు దాదాపు రెండున్నర మీటర్లు. వ్యాను పది మీటర్లు ముందుకో వెనక్కో ఉంటే అదే ఫైరింజను కాస్త మెలికలు తిరిగినా పోగలుగుతుంది. ఇళ్ల ముందు రోడ్డు మీదికి పొడుచుకొచ్చిన ర్యాంపులను ఈ లెక్కలో నేను వదిలేశాను. అవి కూడా కలిపితే చాలా వీధుల్లో ఆటో పోవడమే గగనం.

దారి వదలాలని బాగా పక్కకు తీస్తే ఇంకో ముప్పు ఉంది. మన ఊళ్లలో రోడ్డు అంచున ఉండేది మురుక్కాలువ, దాని మీద పరిచినవి కడప బండలు. నాపరాయికి నొక్కుడును ఓర్చుకునే బలం చాలా ఎక్కువ. నేల మీద పరిస్తే ఎంత బరువైనా మోస్తుంది. కాలువకు అడ్డంగా రెండు గట్ల మీద ఆనించినప్పుడు మాత్రం బరువు పడగానే బండ నడుము వంగుతుంది. పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగుతుంది. సాగుడును తట్టుకునే బలం రాయికి నొక్కుడు బలంలో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. అందుకే మనుషులు కూర్చుని పేకాడుకున్నా ఏమీ కాని బండ, సరుకుతో నిండిన వ్యాను వెనక చక్రం ఎక్కగానే పటుక్కుమంటుంది. ఒక్క చక్రం కింద నాలుగైదు వందల కిలోల బరువుంటుంది మరి. ఇనుప చువ్వలు వేసి పోసిన కాంక్రీటు పలక అలా విరగదు. సాగుడును చువ్వలు పట్టుకుంటాయి. ఏ పలకలో చువ్వలున్నాయో పైనుంచి చూస్తే తెలియదు కాబట్టి చక్రాన్ని కాలువ మీదికి ఎక్కించకపోవడమే మంచిది.

వాలు సంగతి ఇంకాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ కళ్లు మోసం చేస్తాయి. విశాఖలో కొండవాలు వీధులు, హైదరాబాదులో బంజారాహిల్స్ లాంటి చోట్ల వాలు ఎవరికైనా తెలుస్తుంది, అందరూ జాగ్రత్తపడతారు. ప్రమాదం చదునుగా కనిపించే చోట. గాలి సరిగా ఉన్న టైరు దొర్లడానికి ఇచ్చే అడ్డంకి బండి బరువులో నూటికి ఒకటి, ఒకటిన్నర వంతు మాత్రమే. అంటే నూరడుగులకు రెండడుగులు దిగే రోడ్డు మీద హ్యాండ్ బ్రేకు లేని బండి తనంత తాను కదలగలదు. అంత వాలు కంటికి ఆనదు. నూటికి ఐదు వాలున్న చోట ఒకటిన్నర టన్నుల వ్యాను జారడం మొదలుపెడితే, 20 మీటర్లు పోయేసరికి గంటకు 13 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. పరిగెత్తి పట్టుకోవాలని చూసి దాని కిందే పడినవాళ్లున్నారు.

మోటారు వాహనాల చట్టం 126వ సెక్షను దీని గురించే. లైసెన్సున్న మనిషి డ్రైవరు సీట్లో లేకుండా బండిని వదిలితే, ఇంజను ఆపి ఉండాలి, బ్రేకు వేసి గానీ, మరో విధంగా గానీ బండి దానంతటది కదిలే వీలు లేకుండా చేసి ఉండాలి. ‘ఒక్క నిమిషమే కదా, ఓటీపీ చెప్తే వచ్చేస్తా’ అని ఇంజను నడుస్తుండగా దిగడం ఆ సెక్షను ప్రకారం తప్పు. హ్యాండ్ బ్రేకుతో పాటు గేరులో ఉంచితే ఇంజనులోని బిగువు కూడా చక్రాలను పట్టుకుంటుంది: ఎగువకు మూతి పెట్టి ఆపితే ఫస్టు గేరు, దిగువకు పెడితే రివర్సు. ముందు చక్రాల్ని కూడా తిప్పి ఉంచాలి. దిగువకు చూస్తున్నప్పుడు ఎడమకు, ఎగువకు చూస్తున్నప్పుడు కుడికి తిప్పితే జారిన బండి ఫుట్‌పాత్ గట్టుకు తగిలి ఆగుతుంది. గట్టే లేని వీధిలో ఏ వాలుకైనా ఎడమకే తిప్పాలి, రోడ్డు మధ్యకు కాకుండా అంచుకు పోయేలా. మన సందుల్లో ఆ అంచున ఎవరి గోడో ఉంటుంది, అయినా వాలు కింద క్రికెట్టాడే పిల్లల కంటే గోడ నయం. లారీ క్లీనర్లు చక్రం కింద రాయి పెట్టడం చూస్తుంటాం. మంచి అలవాటే, పోయేటప్పుడు ఆ రాయిని రోడ్డు మధ్యలో వదిలేయనంత వరకు. రాత్రి పూట దాని మీద బోల్తా పడేది బైకు మనిషి.

పార్సిళ్ల పనిలోకి కరెంటు ఆటోలు వచ్చాక గేరు మీద పెట్టుకున్న భరోసా కూడా పోయింది. వాటిలో చాలావాటికి గేర్లు మార్చే పని లేదు, ఇంజను బిగువు అసలే లేదు. ఆపేశాక మోటారు స్వేచ్ఛగా తిరుగుతుంది, పట్టుకునేది హ్యాండ్ బ్రేకు ఒక్కటే. హ్యాండిల్‌తో నడిచే ఆటోకు తాళంచెవి వదిలేసి దిగితే, ముందు సీటెక్కి ఆడుకునే పిల్లవాడు పిడి తిప్పగానే చప్పుడు లేకుండా కదులుతుంది. డీజిలు బండి నడుస్తుంటే వినపడుతుంది కాబట్టి ఎవరో ఒకరు అరుస్తారు. ఇక్కడ ఆ అదృష్టం లేదు. దిగేటప్పుడు తాళంచెవి జేబులో ఉండాలి.

దిగడం అన్నాం కదా, మనవాళ్లు దిగేదే తప్పు వైపు. ఎడమ పక్కన నడిచే దేశంలో స్టీరింగు కుడివైపు ఉంటే, డ్రైవరు తలుపు తెరిచేది బండ్లు పోయే వైపుకే. రోజుకోసారి దిగే వాళ్లకు ఇది పెద్ద లెక్క కాదు, ఇంటింటికీ దిగేవాడికి లెక్కే. అమెరికా తపాలా శాఖ దీన్ని ఎప్పుడో గమనించింది. అక్కడ బండ్లు కుడి పక్కన నడుస్తాయి, కార్ల స్టీరింగు ఎడమన. అయినా 1987 నుంచి 1994 దాకా ఆ శాఖ కోసం గ్రమ్మన్ సంస్థ తయారుచేసిన వ్యాన్లకు స్టీరింగు కుడివైపే పెట్టారు. కూర్చున్న చోటి నుంచే పోస్టు డబ్బాలో ఉత్తరం వేయొచ్చు, దిగితే ఇంటి వైపే దిగొచ్చు. తలుపు కూడా జరిపేదే, బయటికి తెరుచుకోదు. మన వ్యాన్లకు ఆ సౌకర్యం లేదు కాబట్టి మిగిలింది ఎడమ సీటు మీదుగా దిగడం, లేదంటే నెదర్లాండ్స్‌లో నేర్పే పద్ధతి: తలుపును దూరంగా ఉన్న చేత్తో తెరవడం. మనకైతే కుడి తలుపును ఎడమ చేత్తో. అలా చేస్తే భుజం దానంతటదే తిరుగుతుంది, చూపు అద్దం దాటి వెనక్కి పోతుంది. బ్రిటన్ ఈ సలహాను 2022లో తన హైవే కోడ్‌లో చేర్చింది. 30 వేగంలో వచ్చే బైకు సెకనుకు ఎనిమిది మీటర్లు దాటేస్తుంది. తలుపు తెరుచుకోవడానికి అంత సేపు కూడా పట్టదు.

రివర్సు గురించి ఒక్క సూత్రం చాలు: తప్పనిసరైతే వచ్చినప్పుడే చేయాలి, పోయేటప్పుడు కాదు. అవతలికి దారి లేని సందులోకి వచ్చేటప్పుడు వీధి మొత్తం అప్పుడే చూస్తూ వచ్చాం కాబట్టి వెనక ఏముందో తెలుసు. పార్సిల్ ఇచ్చి వచ్చేలోపు ఆ వీధి మారిపోతుంది. బండి నీడలో కుక్క పడుకుంటుంది, చక్రం దగ్గరికి బంతి దొర్లుతుంది, దాని వెనక ఒకడు వస్తాడు. అమెరికాలో 2018 మే 1 నుంచి తయారయ్యే కార్లకు, చిన్న వ్యాన్లకు వెనక కెమెరా తప్పనిసరి. మన దగ్గర 2019 జూలై నుంచి కార్లకు రివర్సు సెన్సర్లు తప్పనిసరయ్యాయి. అవి మనకు వినపడని దాదాపు 40 వేల హెర్ట్జ్ ధ్వనిని పంపి ప్రతిధ్వని కోసం చూస్తాయి. మీటరు దూరంలో గోడ ఉంటే ఆరు మిల్లీసెకన్లలో జవాబు వస్తుంది. గోడకు, కారుకు బాగానే పనిచేస్తాయి. సన్నటి స్తంభం, బట్టలు కట్టుకున్న మనిషి ధ్వనిని సరిగా తిప్పి పంపవు. బంపరు కంటే కిందికి వంగి బంతి వెతుక్కునే పిల్లవాడు ధ్వని దారిలోనే ఉండకపోవచ్చు. ఇక రివర్సు వేస్తే సినిమా పాట ట్యూను మోగించే హారన్లున్నాయి. పిల్లలు ఆ పాట విని దగ్గరికొస్తారు తప్ప దూరం జరగరు.

అమెరికాలో కరెంటు, టెలిఫోను సంస్థల బండ్లు ఆగగానే సిబ్బంది ముందూ వెనకా రంగు శంకువులు పెడతారు. ఇతరులను హెచ్చరించడం అందులో సగం పనే. మిగతా సగం, బయల్దేరే ముందు ఆ శంకువుల్ని తీసుకోవడానికి డ్రైవరు బండి చుట్టూ నడవక తప్పదు. చూడమని చెబితే మరిచిపోతారు, వస్తువు తీసుకోవాలంటే మరిచిపోరు. నాలుగు ఇండికేటర్లూ వెలిగించి వదిలేయడం దీనికి పూర్తిగా ఎదురు. ఆ లైట్లు డ్రైవరుకు ఏమీ చూపించవు. ఎండలో ఎవరికీ కనిపించవు కూడా. అయినా అవి వెలిగితే ఎక్కడైనా ఆపుకోవడానికి అనుమతి దొరికినట్టే మనవాళ్లు అనుకుంటారు.

ఇవన్నీ డ్రైవర్లకు తెలియవా? చాలామందికి తెలుసు. సమయంతోనే వస్తుంది పేచీ. మంచి చోటు గేటుకు 30 మీటర్ల అవతల ఉందనుకోండి. మామూలు నడకలో రానూ పోనూ 43 సెకన్లు. రోజుకు వంద పార్సిళ్లయితే గంటా పది నిమిషాలు. ఆ గంటకు జీతం ఎవరిస్తారు? పార్సిల్‌కు ఇంత అని లెక్కగట్టి ఇచ్చే పనిలో ఆ 43 సెకన్లూ డ్రైవరు జేబులోంచే పోతాయి. కాబట్టి గేటు ముందు అడ్డంగా ఆపిన మనిషిని తిట్టే ముందు ఈ లెక్కను కూడా చూడాలని నా అభిప్రాయం. ప్రతి గేటు దగ్గరా ఆగడం కూడా చవకేం కాదు. సీటు బెల్టు, తాళం, హ్యాండ్ బ్రేకు, ఎక్కడం, దిగడం, ఒక్కో ఆగుడుకు ఇవన్నీ కలుపుకుంటే, ఒకచోట సరిగా ఆపి నాలుగిళ్లకు నడిచి ఇచ్చి రావడమే తొందరగా అయ్యే వీధులు చాలా ఉన్నాయి. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పట్టణ సరుకు రవాణా మీద పనిచేసే పరిశోధకులు డెలివరీలో చివరి 50 అడుగులను ప్రత్యేకంగా అధ్యయనం చేశారు. బండి ఆగిన చోటి నుంచి గుమ్మం దాకా అన్నమాట. అదే నగరంలో వాళ్ల మరో అధ్యయనం ప్రకారం వాణిజ్య వాహనాల ప్రయాణ సమయంలో సగటున 28 శాతం ఆపే చోటు వెతుక్కోవడానికే పోయింది. చోటు ముందే తెలిస్తే మిగిలేది ఆ సమయమే.

యాప్‌లో మనం పెట్టే గుర్తు గేటు మీద ఉంటుంది. ఫోను జీపీఎస్ ఆరుబయట కూడా దాదాపు ఐదు మీటర్ల మేర అటూ ఇటూ అవుతుంది, అపార్ట్‌మెంట్ల మధ్య ఇంకా తప్పుతుంది. బండి ఎక్కడ ఆగగలదన్నది ఆ గుర్తుకు తెలియదు. పెద్ద అపార్ట్‌మెంట్లలో సెక్యూరిటీ పార్సిల్ బండిని లోపలికి రానివ్వడు, అతిథుల పార్కింగు ఖాళీగా ఉన్నా సరే. దాంతో బండి ఆగేది గేటు ముందు మెయిన్ రోడ్డు మీద, నియమం వద్దన్న చోట. ఆ పార్కింగులో ఐదు నిమిషాలు ఆగనివ్వాలని తీర్మానించుకోవడం అసోసియేషన్ సమావేశంలో పది నిమిషాల పని. సొంత ఇళ్ల వాళ్లకైతే అంత కూడా అక్కర్లేదు. ఆర్డరు పెట్టేటప్పుడు సూచనలు రాసే గడి ఒకటుంటుంది, ‘కుక్క ఉంది’, ‘బెల్లు పనిచేయదు’ అని రాసేది. ‘బండి మా గేటు దాటాక, ట్రాన్స్‌ఫార్మరుకు ఇవతల ఆపండి’ అని అందులోనే రాయొచ్చు.